సార్‌ని ఏమని పిలవాలి

"మీ సార్ పేరేటమ్మా?" అని ఫోన్లో అడిగింది మామ్మ.

సార్ అద్దెకున్న ఇంటి యజమానురాలు ఆమె. పాలకొండ వైపు నుంచి కాపరానికి భిలాయిలోని ఖుర్సీపార్ వచ్చి, అదే ఇంట్లో ముసలిదైపోయిన మనిషి. పొద్దున్నే సార్ పోయారని చెప్పిందీ ఆమే, ఆస్పత్రి నుంచి ఇంటికి తెప్పించిందీ ఆమే. ఆధార్ కార్డు ఆమె చేతిలోనే ఉంది. అందులో ఉంది కదా మామ్మా అన్నాను, కాస్త విసుగ్గానే. అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉన్నాను, పైగా రాయ్‌పూర్ నుంచి వచ్చే బస్సులో నిలబడి ఉన్నాను.

"కార్డు మీద పేరు ఏటి చేసుకుంటాను? ఆళ్లమ్మ పిలిచిన పేరు కావాల. దింపుడు కళ్లం కాడ చెవిలో ఏటని పిలుస్తారు? కొడుకుంటే నాయనా అంటాడు. తమ్ముడుంటే అన్నా అంటాడు. ఈ బాబుకి ఎవులున్నారు? సారూ అని పిలవమంటావేటి?"

శవాన్ని మోసుకెళ్తూ దారిలో ఒకచోట దించి, చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు మావాళ్లు. ప్రాణం ఎక్కడో ఒక కొసన ఆగిపోయి ఉంటే పిలుపు విని పలుకుతుందని. పలికినవాళ్లని నేనైతే చూడలేదు. అయినా పిలవకుండా ఎవరినీ పంపరు.

వేరే ఎవరి విషయంలోనైనా, పోనీలే మామ్మా, బాబూ అని పిలిపించెయ్యి అనేదాన్నేమో. కానీ మా సార్ మాకు నేర్పిందల్లా అదే. ఎదుటి మనిషి ఏమని పిలిస్తే లేస్తాడో ముందు కనుక్కోండి, వస్తువు తయారుచేయడం తర్వాత అనేవారు. అలాంటి మనిషిని ఆయనది కాని పేరుతో పిలిచి పంపేస్తారంటే నేను ఒప్పుకోలేకపోయాను.

ఆయన తల్లి పిలిచిన పేరు నాకు తెలుసు. అయితే దాన్ని పిలవాల్సింది నేను కాదు. పిలవగలిగినవాడు మా అన్నయ్య ఒక్కడే. వాడు చచ్చినా పిలవనంటాడని కూడా నాకు తెలుసు.

మా కాలేజీ భిలాయి నుంచి ఉతై వెళ్లే దారిలో ఉంది. సార్ అక్కడ ఆఖరి ఏడాది వాళ్లకి ఒకే ఒక్క సబ్జెక్టు చెప్పేవారు. చేయబోయే వస్తువు ఎవరికోసం, అది ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఇదంతా ముందే కాగితం మీద పెట్టుకునే విద్య. రిక్వైర్‌మెంట్స్ అంటారు, సార్ కోరికలు అనేవారు. లెక్కలు లేవు, సర్క్యూట్లు లేవు, కాబట్టి అందరం దాన్ని నిద్రపోయే పీరియడ్ అనుకున్నాం. మొదటి రోజు ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డారు. మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆయన నిలబడే ఉన్నారు. సన్నగా, మే నెల ఎండలో కూడా మెడ దాకా బొత్తాలు పెట్టుకునే పొడుగు చేతుల చొక్కాలో, తలని కొద్దిగా ఎడమవైపు వంచుకుని. చివరికి ఎవరో ఇబ్బందిపడి "ఆయియే సార్" అన్నాక లోపలికొచ్చారు. ఏడాది పొడుగునా అంతే. పిలవనిదే గుమ్మం దాటేవారు కాదు. ప్రిన్సిపాల్ గదైనా, టీ కొట్టైనా, ఖాళీ క్లాసు రూమైనా. ఖాళీ రూమ్ ముందు కూడా ఆగుతారని మొదట కనిపెట్టింది నేనే. లోపల ఎవరూ లేరు. ఆయన కాసేపు నిలబడి, తల ఊపి, లోపలికి వెళ్లారు. ఎవరో పిలిచినట్టు.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను. కొందరికి కొన్ని అలవాట్లుంటాయి అనుకుని ఊరుకున్నాను.

హాజరు పట్టీలో పేర్లు చదివాక ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగారు. "ఘర్ మే క్యా బులాతే హై?" ఇంట్లో ఏమని పిలుస్తారు. మగపిల్లలు సిగ్గుపడి చచ్చారు. ఆరడుగుల మనిషి గుడ్డు, మీసాలున్నవాడు చున్నూ, క్లాస్ టాపర్ లడ్డూ. నాది చిట్టి. తెలుగుదాన్నని తెలిసి ఆయన మొహం కొంచెం వెలిగింది. "చిట్టియా? మా ఊర్లో వీధికొక చిట్టి ఉండీది" అన్నారు శ్రీకాకుళం యాసలో. ఆ తర్వాత ఆ పేర్లు ఆయన వాడలేదు. ఒక్క సందర్భంలో తప్ప.

మీసాల చున్నూ వెనక బెంచీలో గురకపెట్టి నిద్రపోతుంటే సార్ వాడి రోల్ నంబరు పిలిచారు. లేవలేదు. సర్టిఫికెట్ పేరుతో గట్టిగా పిలిచారు. లేవలేదు. పక్కవాడు కుదిపినా దులుపుకుని పడుకున్నాడు. అప్పుడు ఆయన వాడి దగ్గరకెళ్లి, చాలా మెల్లగా, "చున్నూ" అన్నారు. వాడు ఎగిరి నిలబడ్డాడు, కళ్లు తెరవకముందే. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. "చూశారా, వీడిలో నిద్రపోనివాడు ఒకడున్నాడు, వాడికి ఆ ఒక్క పేరే తెలుసు" అన్నారు హిందీలో. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

కాగితాలు దిద్దేటప్పుడు ఆయన పద్ధతి ఇంకా వింత. ఒక వాక్యం చదువుతారు. తల ఎడమవైపు వంచుతారు. ఆగుతారు. అప్పుడు గాని టిక్కు పెట్టరు. ఒక్కోసారి టిక్కు పెట్టకుండానే కాగితం వెనక్కి ఇచ్చేస్తారు. ఎవరి మాట వింటున్నారు సార్ అని ఒకసారి అడిగేశాను. నాకు నోటి దురుసు ఎక్కువ.

"ఇక్కడ లేనోళ్ల మాటమ్మా. ఉన్నోళ్లు ఎలాగా అరుస్తారు" అన్నారు.

మా బ్యాచ్‌లో ఒక గుంపు కంప్యూటర్‌ని అడిగి మొత్తం డాక్యుమెంట్ రాయించుకొచ్చింది. ఒక్క తప్పు లేదు, మాలో ఎవడూ అంత శుభ్రంగా రాయలేడు. సార్ ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి "ఇది ఎవరడిగారు?" అన్నారు. తర్వాతి వాక్యం. "ఇది?" పేజీ తిప్పారు. "ఇది?" ఎక్కడా కోపం లేదు. చివరికొచ్చేసరికి వాళ్లలో ఒకమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. "అడిగినవాళ్లు లేకుండానే ఇన్ని మాటలు వచ్చాయంటే భయం వేయదా మీకు?" అన్నారు సార్. నిజంగా భయపడినట్టే అన్నారు. ఆ కాగితాల్ని బల్లకి అవతలి కొసకి జరిపేశారు, మళ్లీ ముట్టుకోలేదు.

ఆయనకొక నియమం ఉండేది. వర్క్‌షాపుల్లో మిషన్ లోపలికి రిపేరుకి దిగే ప్రతి మనిషీ స్విచ్చికి తన సొంత తాళం తగిలించి దిగుతాడు. బయటికొచ్చాక తనే తీస్తాడు. ఇంకెవరూ తీయడానికి వీల్లేదు, మేనేజరైనా సరే. సార్ దాన్నే మా కాగితం మీదికి తెచ్చారు. ప్రతి కోరిక పక్కనా అడిగిన మనిషి పేరుండాలి. దాన్ని కొట్టేయాలంటే అడిగిన మనిషే కొట్టేయాలి.

"అతను చచ్చిపోతే సార్?" అన్నాడు చున్నూ, తెలివి చూపించుకోడానికి.

"ఇంకేం, ఉండిపోతుంది" అన్నారు సార్. "తాళం వేసినవాడు లోపలే ఉన్నాడు కదా."

మా గుంపు చేసింది గ్యాస్ పెట్టె. నేలలో తవ్విన సంప్‌లోకి, గుంటల్లోకి దిగేవాళ్లు ఛాతీకి కట్టుకునేది. కంపు లేని చెడ్డ గాలి ఉంటే మోగాలి. మా అన్నయ్య అప్పట్లో ఒక చిన్న వర్క్‌షాపులో ఫిట్టర్‌. అక్కడ వాడు అలాంటి చోట్లకి దిగుతుండేవాడు కాబట్టి నాకు ఆ ఆలోచన వచ్చింది. మేం రాసిన కోరికల చివర సార్ తన చేత్తో ఇంకొకటి చేర్చారు: పెట్టె మోగితే చాలదు, వేసుకున్న మనిషిని ఇంటి పేరుతో కాదు, ఇంట్లో పేరుతో పిలవాలి, వాడు లేచే గొంతుతో పిలవాలి.

మావాళ్లకి ఒళ్లు మండింది. సెన్సారూ బ్యాటరీతోనే చస్తున్నాం, మళ్లీ స్పీకరు, గొంతు రికార్డింగు. ఎవరడిగారు సార్ అని ఆయన ప్రశ్నే ఆయనకి వేశాం. "అడిగినవాడున్నాడు" అన్నారు. పేరు రాయమన్నాం. రాయలేదు. మిగతావాళ్లు వెళ్లాక నాతో తెలుగులో అన్నారు. "ఆ గాలి మనిషికి నిద్ర తెప్పిస్తాదమ్మా. హాయిగా ఉంటాది. గంటకి, సైరనుకి లేవబుద్ధి కాదు. దింపుడు కళ్లం కాడ మూడుసార్లు పిలుస్తారు కదేటి మనోళ్లు? సచ్చినాక ఎందుకది? ముందు పిలవాల."

ఒకరోజు మమ్మల్ని కాలేజీ వెనక ఖాళీ స్థలంలో ఎండిపోయిన సంప్ దగ్గరకి తీసుకెళ్లారు. మిట్టమధ్యాహ్నం. ఒకళ్ల పేరు ఇంకొకళ్లు అందులోకి వంగి పిలవాలి, గొంతు ఎలా తిరిగొస్తుందో వినాలి, అదీ పని. చున్నూ అంటే చున్నూ అని వచ్చింది. చిట్టి అంటే చిట్టి అని వచ్చింది, కొంచెం ఆలస్యంగా, కొంచెం ముసలి గొంతుతో. సరదాగానే ఉంది. ఆ ఊపులో చున్నూ వంగి "సార్" అని అరిచాడు.

ఏమీ రాలేదు.

మళ్లీ అరిచాడు. రాలేదు. నేను వంగి పిలిచాను. నా గొంతు లోపలికి వెళ్లిపోయింది, అంతే. నోరు సరిగ్గా పెట్టలేదేమో, గాలి అటు తిరిగిందేమో, నాకిప్పటికీ తెలియదు. సార్ అంచుకి దూరంగా నిలబడి ఉన్నారు. అసలు దగ్గరకే రాలేదు. "దానికి తెలిసిన నా పేరు అది కాదమ్మా" అన్నారు నాతో, మామూలుగా, టైమెంతయింది అంటే చెప్పినట్టు. మేమెవరమూ అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

పెట్టె తయారయింది. అన్నయ్య కోసం మా అమ్మ గొంతు రికార్డు చేశాం. అన్నయ్యని ఇంట్లో చంటి అంటారు. "చంటీ, పైకి రా" అని, వాడు చిన్నప్పుడు చెట్టు మీంచి దిగకపోతే అరిచినట్టు అరిచింది అమ్మ. పరీక్షకి వాడి వర్క్‌షాపులో ఒక పాత సంప్ చూపించారు. నడుముకి తాడు, పైన మేం నలుగురం, ముందే దీపం దించి, గాలి చూసి, అన్నీ జాగ్రత్తగానే చేశాం. పెట్టెలో లైటు పచ్చగా ఉంది. అన్నయ్య దిగాడు. అడుగున ఒక్క నిమిషం నిలబడి, బూటుతో బురద కదిపి, రావడమే పని.

వాడు మేం చెప్పిన టైముకంటే ముందే పైకొచ్చేశాడు. నిచ్చెన మీద పిల్లి ఎక్కినట్టు ఎక్కాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "కోయి హై నీచే" అన్నాడు. "లోపల ఎవడో ఉన్నాడే. ఎవడ్నో పిలుస్తన్నాడు. తాడు దించండి, బేగి."

లోపల ఎవరూ లేరు. టార్చి వేసి చూశాం, గోడలు, బురద. మేమందరం పైనే ఉన్నాం. వర్క్‌షాపు మనుషులందరూ ఉన్నారు. వాడు మాత్రం వినడే. మళ్లీ దిగుతానంటాడు. మేం పట్టుకుని ఆపుతుండగా వాడి ఛాతీ మీద లైటు ఎర్రబడింది. "చంటీ, పైకి రా" అని పెట్టెలోంచి మా అమ్మ గొంతు అరిచింది.

కదిపిన బురదలోంచి చెడ్డ గాలి లేచింది, సెన్సారుకి అది తెలియడానికి కొంచెం టైము పట్టింది. అదీ సంగతి. అంతవరకు నాకు అర్థమవుతుంది. పెట్టె పిలిచేదాకా వాడు కిందే ఉండి ఉంటే ఏమయ్యేదో, అదీ అర్థమవుతుంది. వాణ్ణి ముందే పైకి పంపింది ఎవరన్నదే అర్థం కాదు.

సాయంత్రం ఎండ ఉండగానే వాణ్ణి సార్ ఇంటికి తీసుకెళ్లాను. మామ్మ టీ పెట్టి ఇచ్చింది. సార్ మంచం మీద కూర్చుని జామకాయ కోస్తూ విన్నారు. ఏమని పిలిచాడు అన్నారు. అన్నయ్య ఆ పేరు చెప్పాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆయనది. ఎలాంటి పేరో మాత్రం చెప్తాను. పుట్టిన పిల్లలు దక్కకుండా పోతుంటే, తర్వాత పుట్టినవాడికి మావైపు ఒక పనికిమాలిన పేరు పెడతారు. మృత్యువు వచ్చి చూసి, ఛీ, ఇదెందుకు మనకి అని వదిలేసి పోవాలని. అలాంటి పేరు. భిలాయిలో పుట్టి పెరిగిన మా అన్నయ్యకి అసలు అదొక మనిషి పేరని కూడా తెలియదు.

సార్ చేతిలో చాకు ఆగింది. మంచం మీంచి లేచి, వెనకే కుర్చీ ఉన్నా, నేల మీద కూర్చుండిపోయారు.

"గొంతెలగుంది బాబూ? పడిశం పట్టినట్టుందా?"

"హా సార్" అన్నాడు అన్నయ్య. "ముక్కు మూసుకుపోయినోడి గొంతు."

"ఆవేళ ఆడికి పడిశం" అన్నారు సార్.

అప్పుడు చెప్పారు. ఇక్కడ కాదు, వేరే రాష్ట్రంలో, ఇప్పుడు లేని ఒక చిన్న ఫ్యాక్టరీలో, ఆయనా, ఆయన ఊరివాడే ఒక స్నేహితుడూ కుర్రతనంలో పనిచేశారు. అక్కడ ఒక లోతైన తొట్టిలోకి మొదట స్నేహితుడు దిగాడు. ఎంతకీ రాకపోతే ఈయన దిగారు. దిగగానే హాయిగా నిద్ర వచ్చింది. కూర్చున్నారు. అప్పుడు వాడు పిలిచాడు, చిన్నప్పటి పేరుతో, మూడుసార్లు.

"లేచాను. నిచ్చెన దొరికింది. ఎక్కీసాను. వస్తన్నాను అని కూడా అనలేదమ్మా. పిలిచినోడికి పలకలేదు. పైకొచ్చి పడిపోనాను. ఆడిని తీసినాక డాక్టరు చూసి, నాను దిగకముందే ఆడు పోయాడన్నాడు. ఎప్పుడో పోయాడన్నాడు." ఆయన జామకాయ ముక్కల్ని పళ్లెంలో ఇటు ఒకటి అటు ఒకటి జరుపుతున్నారు. "మరి ఇంకా పిలుస్తన్నాడంటే, నాను ఇన్నానో లేదో ఆడికి తెలీదు. పలకలేదు కదేటి. ఇప్పటికీ నాను లోపలే ఉన్నాననుకుంటన్నాడు."

అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టలేక చేతిలోనే పట్టుకున్నాడు.

సార్ నాతో ఒక కోరిక రాయించారు, మా గ్యాస్ పెట్టె డాక్యుమెంట్‌లో, ఆయన సొంత పేరు మీద. 'పిలిచినవాడికి, అవతలివాడు విన్నాడని తెలియాలి.' మావాళ్లు దానికొక బటన్ పెట్టారు, నొక్కితే పైన బీప్ అంటుంది. సార్ దాన్ని చూసి, తల వంచి, చాలాసేపు ఆగి, టిక్కు పెట్టలేదు. సరిపోదన్నారు. మార్కులు మాత్రం మంచివే వేశారు.

ఆ సాయంత్రం ఆయన ఇంటి నుంచి మేం బయల్దేరేటప్పుడు అన్నయ్య చెయ్యి పట్టుకున్నారు. "ఆ పేరు నాను బతికుండగా ఎవులితోనూ అనకు బాబూ. ఎవులు పిలిచినా ఎల్లిపోవాలనిపిస్తాది." అన్నయ్య ఆ పేరు ఎవరితోనూ, నాతో కూడా మళ్లీ అనలేదు. ఆ వర్క్‌షాపుకి మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతున్నాడు. రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత తెరిచి ఉంటే చుట్టు తిరిగి వెళ్తాడు.

రాయ్‌పూర్ బస్సు దిగి నేరుగా వ్యాన్లు నిలిపే చోటుకే వెళ్లాను. వాడు సీట్లు తుడుస్తున్నాడు. విషయం చెప్పాను. గుడ్డ పిండుతూనే ఉన్నాడు.

"నువ్వు పిలిచెయ్యి" అన్నాడు.

"దింపుడు కళ్లం దగ్గరికి ఆడపిల్లల్ని రానివ్వరు. రానిచ్చినా నేను వినలేదు కదా ఆ పిలుపు. ఎలా పిలిచాడో నీకే తెలుసు."

"పిలవను చిట్టీ. సమఝ్ నహీ రహీ హో, నీకర్థం కావట్లేదు. ఆ పేరు నా నోట్లోంచొస్తే ఆడొస్తాడే. ఆ పడిశం గొంతోడు. నా వెనకాలే ఉంటాడు. ఆవేళ వెనకాలే ఉన్నాడు."

నాకు కోపమొచ్చింది. భయపడేవాడి మీద కోపం తెచ్చుకోవడం అన్యాయమే, కానీ వచ్చింది. "రానీరా. ఆయన బతుకంతా ఎదురు చూసింది వాడికోసమే కదా. ఏ గుమ్మం దగ్గర నిలబడ్డా వాడు పిలుస్తాడనే కదా నిలబడ్డారు. నిన్ను పైకి పంపినవాడు కూడా వాడే కదా. అందరూ కలిసి సార్ సార్ అని పిలిచి తగలబెట్టేస్తారు. ఆ పేరు ఆయనకి అంటుకోదు. నువ్వు కూర్చుని సీట్లు తుడుచుకో."

వాడు బకెట్లో నీళ్లు పారబోసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, వ్యాను తాళం వేశాడు.

సార్ వీధి ఇరుకు. శ్మశానం వ్యాను లోపలికి రాదు కాబట్టి రోడ్డు దాకా మోసుకెళ్లాలి. సందు దాటాక ఒక ఖాళీ జాగా ఉంది, అక్కడ దించుతామన్నారు కులపెద్ద. మా బ్యాచ్ పిల్లలు చాలామంది వచ్చారు. చున్నూ పాడె పట్టాడు. వాడికి ఈ ఆచారం తెలియదు, కిందికి దించమంటే ఏమైందో అని కంగారుపడ్డాడు. మేం ఆడవాళ్లం సందు చివర ఆగిపోయాం. మామ్మ నా మణికట్టు పట్టుకుంది, గాజులు గుచ్చుకునేలా.

"ఎవులు పిలుస్తారు?" అని పెద్దాయన అడగడం నాకు వినపడింది.

అన్నయ్య ముందుకొచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని, సార్ ఎడమ చెవి దగ్గరకి వంగాడు. ఒకసారి పిలిచాడు. ఇంత దూరం మాట రాలేదు, వీపు కదలడం మాత్రం కనిపించింది. రెండోసారి. మూడోసారి పిలిచాక లేవాలి. వాడు లేవలేదు. వంగిన మనిషి వంగినట్టే ఉండి, తల మాత్రం తిప్పాడు. సార్ మొహం వైపు కాదు. వెనక్కి, ఎవరూ లేని ఖాళీ జాగా వైపు. మిగతా అందరూ సార్ మొహాన్నే చూస్తున్నారు.

"పలికాడేటి?" అన్నాడు పెద్దాయన. అడగాలి కాబట్టి అడిగాడు.

"లేదు" అన్నాడు అన్నయ్య.

మళ్లీ భుజాలకెత్తుకున్నారు. ఆయన పేరు మీదున్న ఆ ఒక్క కోరికనీ ఇక ఎవరూ కొట్టేయలేరన్న సంగతి వ్యాను తలుపు మూసినప్పుడు నాకు గుర్తొచ్చింది, అక్కడే నిలబడి ఏడ్చాను.

అన్నయ్య పొద్దు వాలకముందే తిరిగొచ్చాడు. ఇంట్లోకి రాకుండా వాకిట్లో కుళాయి కింద కూర్చుని తల మీద నీళ్లు పోసుకున్నాడు. అమ్మ తువ్వాలు ఇచ్చి పంపింది. నేను పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

"చిట్టీ" అన్నాడు. "నిజం చెప్తన్నాను. నోరు కదల్లేదు. నాను దగ్గర్నుంచి చూసాను, పెదాలు అంటుకుని ఉన్నాయి. పోయిన మనిషే, అందులో డౌట్ లేదు."

"ఊఁ."

"గొంతు వెనకనుంచొచ్చింది. ఆ పడిశమోడిది కాదు. సార్‌దే. కుర్రోడి గొంతు, కాని సార్‌దే."

"ఏమన్నారు?"

"'ఇన్నాను, వస్తన్నాను' అన్నాడు."

కుళాయి కారుతూనే ఉంది. కట్టేయడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు. "నీతోనా?" అని అడిగాను.

వాడు తువ్వాలు మొహానికి గట్టిగా అదుముకున్నాడు. "నాతో కాదు" అన్నాడు.